కాంటా ముందరి పగులు

మిర్యాలగూడ నుంచి వేములపల్లి తొవ్వలో
మా మిల్లు గేటు దగ్గర మొదలై కాంటా దాకా
నూటిరవై అడుగుల తారు బాట.
దాని మీద పన్నెండేళ్లుగా లారీలు పెట్టిన
వంకర సంతకం ఒకటి.
సేటు దాన్ని పగులంటాడు.
డ్రైవర్లు తిట్టుతో పిలుస్తారు.
నాకది గంట.

రాత్రి డ్యూటీలో కునుకు పడితే
ముందు చక్రం ఒక ధడ్, వెనకవి రెండు ధడ్‌లు,
కళ్లు తెరిచేలోపే
చెయ్యి స్లిప్పు బుక్కు మీద ఉండేది.

మొన్నటి ముసురుకు ఆ పగుల్లోంచి దిగిన నీళ్లు
కాంటా గుంటలో మోకాలిలోతు నిలిచాయి.
ఖాళీ కాంటా నలభై కిలోలు చూపించింది.
ఎవరూ ఎక్కని నలభై కిలోలు!
సేటుకు నిద్ర పట్టలేదు.

మక్తల్ దిక్కు నుంచి కుర్మయ్య వచ్చాడు.
చిన్న చక్రాల బండి మీద డాంబరు కాగే పీపా,
పక్కన గ్యాసు బండ,
వెనక మొగులమ్మ, ఇనుప కొక్కెం పట్టుకొని.

రాగానే పోస్తారనుకున్నాను.
పగటి దాకా గీకుతూనే ఉన్నారు.
పగులు కడుపులోంచి
ఒక బోల్టు, బీడీ ముక్కలు, నానిన ఊక,
ఎవరూ తీసుకోని ఎనిమిదణాల బిళ్ల,
ఇంకా వడ్లు.
మొలకెత్తిన వడ్లు.
జానెడు పొడుగు, చిలక పచ్చ,
నేను ఏ లారీ కిందా రాయని వడ్లు.

"తడుంటే పట్టది సార్,"
మంట గొట్టాన్ని పగులు వెంట నడిపిస్తూ కుర్మయ్య.
సన్నగా ఆవిరి లేచింది.
"సిమెంటు కొట్టి మూయరాదా?" అన్నాను తెలిసినట్టు.
"సిమెంటు మొండిది. చలికాలం ఇది తెర్సుకుంటది,
ఎండకాలం దగ్గరికొస్తది.
దీనితోని సాగేటిది గావాలె.
మేం పగులు మూస్తలేం సార్,
నీళ్ల తొవ్వ మూస్తున్నం."

పీపా ముల్లు నూటతొంభై దగ్గర వణికింది.
మొగులమ్మ ముల్లు దిక్కు చూడలేదు.
పుల్ల ముంచి, పైకెత్తి, తీగ సాగే తీరు చూసి
"ఆఁ, అయింది" అంది,
బెల్లం పాకం దించమన్నట్టు.

అప్పుడు పడింది గీత.
నల్లగా, తొందర లేకుండా,
పగులు ఎటు తిరిగితే అటు తిరుగుతూ.
దాని వెనకే మొగులమ్మ
టైర్లకు అంటకుండా బాయిలర్ బూడిద చల్లుకుంటూ నడిచింది.
వడ్లు మొలిచిన చోట
వడ్ల పొట్టు బూడిద.

కూలి కిలోల లెక్క, పోసినంతకే.
పొద్దున పీపా బండిని కాంటా ఎక్కించి తూచాను,
పొద్దుగూకినంక మళ్లీ తూచాను.
మా కాంటా ఇరవైలు తప్ప మాట్లాడదు.
తేడా నూటిరవై అంది.
"తొమ్మిది దిమ్మెలు కరగబెట్టినం. దిమ్మెకు పదిహేను,"
వేళ్ల మీద చూపించింది మొగులమ్మ.
కాంటా మాటే మాట అన్నాడు సేటు.

ఆ పదిహేను కిలోలు ఎటు పోయాయో నాకు తెలుసు.
బస్తాలు దించిన రైతులకూ తెలుసు.
నూటిరవై అని రాసి
స్లిప్పు చింపి ఇచ్చాను.

కుర్మయ్య మడిచి జేబులో పెట్టుకున్నాడు, చదవకుండానే.
మొగులమ్మ మాత్రం పోతూ పోతూ
మొలకల ముద్ద ఉన్న రేకు డబ్బాను
కాంటా నడిమధ్యన పెట్టి
అద్దంలోంచి నన్ను చూసింది:
"ఇదెంతుందో జెప్పు సార్."

ఎర్ర అంకెలు కదల్లేదు.
సున్నా.

"నీ కాంటకు ఇది కానరాదు లే,"
డబ్బా చంకన పెట్టుకొని
బండి వెనక నడిచిపోయింది.

ఆ రాత్రి రెండున్నరకు
లారీ ఒకటి వచ్చిందట, ధడ్ లేకుండా,
నూనె మీద నడిచినట్టు.
డ్రైవరు అద్దం మీద ఉంగరంతో కొట్టాడు.
"నిద్రవోతున్నవా?"

లేదన్నాను.
స్లిప్పు బుక్కు కోసం
చీకట్లో చాలాసేపు తడుముకున్నాను.