తడిగుడ్డ

చలికాలం కాదు. ముందుగా అది చెప్పుకోవాలి.
జనవరి. మా దక్షిణాన వేసవి.
ప్వెర్తో మోంత్‌లో పన్నెండు డిగ్రీలు,
వాన వెలిసి గంటయింది,
రన్‌వే పక్క గడ్డి ఇంకా ఆవిరి వదులుతోంది.
ఇలాంటి రోజునే భయపడమని
నాకు నేర్పింది ఎదెల్మీరా ఒయార్సూన్.

మంచు కురిసే రోజున మూర్ఖుడు కూడా జాగ్రత్తపడతాడు, అనేది.
మొదటి పాఠం నాడు నా మణికట్టు మీద
నాలుగు చుక్కల పెట్రోలు పోసి ఊదమంది.
చర్మం జివ్వుమంది.
"అంతే. కుండ చెమర్చి నీళ్ళు చల్లబడ్డట్టే.
ఇంజను గొంతు సన్నబడే చోట
గాలి పరుగెత్తుతుంది, పెట్రోలు ఆవిరవుతుంది,
వేడిని ఎవరో పీల్చేసినట్టు పోతుంది.
గాలిలోని తడి అక్కడ గడ్డకడుతుంది.
నువ్వేమో చొక్కా చేతులు మడుచుకుని కూర్చునుంటావు."

ఆ గొంతులో ఒక రేకు తిరుగుతుంది.
మెకానిక్కులు దాన్ని సీతాకోకచిలుక అంటారు.
దాని రెక్కల మీద పేరుకుంటుంది మంచు,
చప్పుడు చెయ్యదు, తొందరపడదు.
తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో
మాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ రోజు నా పక్కన నర్సు సొయిలా కార్కమో,
ఆమె ఒళ్ళో టీకాల పెట్టె.
పెట్టెలో మంచు కరగకముందే అయకారా చేరాలి.
ఆంకూద్ అఖాతం మీద మూడువేల అడుగులు.
కింద నీళ్ళలో సాల్మన్ చేపల వలలు,
ఎవరో తీసి పెట్టిన గాజుల్లా.

ముల్లు రెండువేల నాలుగొందల మీద ఉండేది.
కాసేపటికి మూడొందల యాభై.
నా చెయ్యి, నన్ను అడక్కుండానే,
థ్రాటిల్‌ను కాస్త ముందుకు నెట్టింది.
మళ్ళీ జారింది. మళ్ళీ నెట్టాను,
అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.
మూడోసారి
నా చేతిని నేనే చూశాను.

అప్పటికే ఇంజను వణుకుతోంది.

హీటు మీట పూర్తిగా లాగాను.
సగం కాదు. సగం వేడికి
కరిగిన నీరు ఇంకో చోట గడ్డకడుతుంది.
లాగగానే బాగుపడుతుందనుకునేరు.
ముల్లు ఇంకా పడింది.
ఇంజను దగ్గింది, ఉక్కిరిబిక్కిరైంది,
కరిగిన నీళ్ళు మింగలేక మింగుతూ.
మీట వెనక్కి తొయ్యమని ఒళ్ళంతా అరిచింది.
మందు వేశాక జ్వరం పెరిగితే
మందును తిట్టే మనిషి ఉంటాడే, వాడు
నాలోనూ ఉన్నాడు.

సొయిలా పెట్టెను గట్టిగా పట్టుకుంది.
"ఏమైంది?"
"జలుబు," అన్నాను.
నవ్వలేదు.

ఒకప్పుడు ఇదే క్షణాన ఎదెల్మీరా
చెక్‌లిస్టు అట్టతో నా వేళ్ళ మీద కొట్టింది.
ఆమె తమ్ముడు నోల్బెర్తో
ఒక ఫిబ్రవరి ఎండలో, అల కూడా లేని మధ్యాహ్నం
సముద్రంలో దిగాడు.
విమానాన్ని పైకి తీసేసరికి
కార్బురేటర్ శుభ్రంగా ఉంది.
హంతకుడు నీరై నీళ్ళలో కలిసిపోయాడు.
కారణం తెలియరాలేదని నివేదిక.
ఆ కాగితాన్ని ఆమె
హ్యాంగర్ తలుపుకి మేకు కొట్టి ఉంచింది.
వానకి అక్షరాలు పోయాయి. కాగితం ఉంది.

పద్నాలుగు లెక్కపెట్టాను. పదిహేను.
చెయ్యి మీట మీదే, కదల్లేదు.
ఇరవై రెండు దగ్గర
గొంతు సవరించుకున్న పెద్దమనిషిలా
ఇంజను మాట అందుకుంది.
ముల్లు మెల్లగా పైకి పాకింది.

అయకారా కనిపించాక, థ్రాటిల్ తగ్గించకముందే,
మళ్ళీ మీట లాగాను. అది అలవాటు.
అలవాటని ఇప్పుడంటున్నాను.

గులకరాళ్ళ మీద ఆగాక
సొయిలా పెట్టె మూత తెరిచింది.
మంచు పలకల అంచులు కూడా చెదరలేదు.
"కరగలేదు!" అంది, మొదటిసారి నవ్వుతూ.
నేను ఇంజను మూత తీసి లోపల చెయ్యి పెట్టాను.
వెచ్చగా, పొడిగా ఉంది.
ఏమీ లేదు.

లాగ్‌బుక్కులో వాతావరణం గడిలో
బాగుంది అని రాశాను.
కాసేపాగి, దాని పక్కన
ఇరవై రెండు అని.