నైన్ అంటే తొమ్మిది కాదు

రాత్రి పదకొండు దాటినాక
గుల్జార్‌పేట మేడగదిలో, నా ఫోన్లో
జర్మనీలో వాన మొదలవుతుంది.

ఎప్పుడు చూసినా వానే అప్పా వాళ్లకు.
శవం వానలో, కారు వానలో,
చచ్చినాయన పెండ్లాం
వాన లోపలికి కొడుతున్నా తలుపు తీసి నిలబడుతుంది.
మూడేండ్లుగా శెనక్కాయ ఎత్తిపోయినవాళ్లం,
హంతకుడి కంటే ముందు
ఆ నీళ్లు యాడికి పోతాయో చూస్తాము.

ఆ డిటెక్టివు పేరు నాలికకు తిరగదు.
కొండప్ప అని పెట్టుకున్నా.
నా మాదిరే ప్రైవేటు. నా మాదిరే పొట్ట.
ఆయప్ప పోలీసుద్యోగం పోగొట్టుకున్నాడు,
నేను తెచ్చుకోనే లేదు.
ఏడేండ్లు హోంగార్డుగా
టవర్ క్లాక్ కాడ ఎండకు చెయ్యి ఊపినా, అంతే.

తెర కింద ఇంగ్లీషు అక్షరాలు ఉరుకుతాంటాయి,
కూడబలుక్కొని సగం చదివేలోగా ఇంకొకడు చస్తాడు.
వాళ్ల మాట ఒక్కటే పట్టుకున్నా:
నైన్.
తొమ్మిది కాదు. లేదు అని.

కొండప్ప కష్టమంతా
ఎవరు చంపినారో కనుక్కోవడానికే.
మా కాడ అదొక కష్టమా?
ఉగ్గాని బండి కాడ నిలబడితే
మిరపకాయ బజ్జి కొరికేలోగా
పేరు, ఇంటిపేరు, ఎక్కొచ్చిన బండి నంబరు
అన్నీ తెలుస్తాయి.
కోర్టు మెట్లెక్కినాకే
ఎవరికీ కండ్లుండవు.

అయినా నాకు హత్యలు రావులే.
పెండ్లికొడుకు తాగుతాడా,
బెంగళూరులో ఉజ్జోగం ఉన్నమాట నిజమేనా, ఇవే.
పోయిన నెల ఇనుప సామాన్ల తిప్పేస్వామి వచ్చినాడు.
"గంగరత్న బేస్తవారం బేస్తవారం యాడికో పోతాంది.
చూడు వన్నూరప్పా" అని
మూడువేలు బల్ల మీద పెట్టి
ఫ్యాను దిక్కు చూస్తా కండ్లు తుడుచుకున్నాడు.
ఏడుపో, చెమటో. నేను అడగలేదు.

నాలుగు బేస్తవారాలు వెంటపడినా.
కొండప్ప మాదిరి కారు లేదు నాకు,
చైను జారే లూనా.
ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు. ఎదురుగా టీ బంకు.
ఆయమ్మ చెల్లెలి కూతురి స్కూటీ తెచ్చింది,
కొంగు నడుముకు చెక్కింది, ఎక్కింది.
పడింది.
మోచెయ్యి గీరుకుపోయింది.
చుట్టూ చూసి, ఎవరూ లేరనుకొని
గట్టిగా నవ్వింది.
నలభై ఏండ్ల ఆడమనిషి
ఒక్కతే అట్ల నవ్వడం నేను అంతకుముందు వినలేదు.
నాలుగో వారానికి
కాలు కింద పెట్టకుండా గ్రౌండంతా ఒక చుట్టు తిరిగొచ్చింది.
చప్పట్లు కొట్టబోయి
చెయ్యి జేబులో పెట్టుకున్నా.

"ఏమన్నా దొరికిందా?" అన్నాడు తిప్పేస్వామి.
నిరుడు ఆయమ్మ సెల్లును
ఇదే చేత్తో బండకేసి కొట్టినాడని
వాళ్లింట్లో అంట్లు తోమే సుంకమ్మ చెప్పింది నాకు.
"నైన్" అన్నా.
"ఏమి?"
"ఏమీ లేదు సామీ. సాయిబాబా గుడికి పోతాంది."

ఏమీ లేనిదానికి దుడ్లెందుకని
మిగిలిన రెండువేలు ఇయ్యకుండానే పాయె.
న్యాయమే. దొరికినదానికే గదా కూలి.

ఈ రాత్రి కొండప్ప
చానాసేపు కారులోనే కూర్చోనుండాడు.
అద్దం మీద పుల్లలు అటు, ఇటు.
ఏదో తెలిసింది ఆయప్పకు.
నోట్లో సిగరెట్టు పెట్టుకొని
ముట్టించడం మర్చిపోయినాడు.
కింద అక్షరాలు కూడా రాలేదు.
మొదటిసారి నాకు మొత్తం అర్థమయింది.

అంతలో డేటా అయిపోయింది.
తెర మధ్యలో సున్న తిరుగుతాంది,
దాని వెనక వాన చుక్కలు
నేలకు దిగకుండా నిలబడిపోయినాయి.

పన్నెండు కొడితే కొత్త డేటా వస్తాది.
ఫోను గోడకానించి కూర్చున్నా.
వాన కోసం కాచుకోవడం
మాకేమన్నా కొత్తా?