రెండు వందల నలభై ఐదో గది

హంగరీ దక్షిణాన, సెంతెష్ ఊరి చివర,
రైలు గేటు దాటాక బెర్తలాన్ గారి రాళ్ల షెడ్డు.
తొంభై ఏడు, అక్టోబరు.
జర్మనీ నించి పాత చెక్కుడు యంత్రం ఒకటి
కొత్తగా దిగింది.
దాని పక్కన నేను, పందొమ్మిదేళ్ల దాన్ని,
వేళ్లు కత్తిరించిన ఉన్ని గ్లవ్సులతో.

కెరెకెష్ ద్యోజో.
మాలో ఇంటిపేరే ముందు.
సంతలో తూకపు రాళ్లు పరీక్షించే ఉద్యోగం ఆయనది,
పది గ్రాములు తగ్గాయని
సొంత బావమరిది మాంసం కొట్టుకి తాళం వేయించిన మనిషి.
భార్య ఎతెల్కా చెప్పింది:
"పెద్ద అక్షరాలు వద్దమ్మా.
ఆయన ఏనాడూ అరవలేదు."

ఆ పేరులో రెండుసార్లొస్తుంది ఆ అక్షరం.
పెదాలు సున్నా చుట్టి, లోపల నాలుకతో "ఏ" అనాలి,
కాస్త సాగదీయాలి.
నెత్తిన రెండు చుక్కలుంటే హ్రస్వం,
చుక్కలు వాలు గీతలైతే దీర్ఘం.
మా కీబోర్డులో దానికి సొంత మీట ఉంది, పి పక్కనే.
కుడి చిటికెన వేలు చూడకుండానే వెళుతుంది.
వెళ్లింది.
తెర మీద సరిగ్గానే పడింది.
ఫ్లాపీ తీసి యంత్రం నోట్లో పెట్టాను.

యంత్రానికి అక్షరాలు తెలీవు, అంకెలే తెలుసు.
రెండు వందల నలభై ఐదో గది తలుపు కొట్టాను నేను.
మా పట్టికలో ఆ గదిలో ఉండేది ő.
అది పుట్టిన దేశపు పట్టికలో
అదే నంబరు గదిలో వేరే కాపురం: õ,
నెత్తిన అల పెట్టుకున్న, సముద్రపు ఒడ్డు భాషల పిల్ల.
పిలిస్తే పలికింది.
ఎవరూ అబద్ధమాడలేదు.
నల్ల గ్రానైటులో, రెండు మిల్లీమీటర్ల లోతున,
రెండు అలలు.

ఎతెల్కా కళ్లజోడు తీసేసి వేలితో చదివింది.
మొదటి అల దగ్గర వేలు ఆగింది.
"ఇదేంటి, పురుగా?"
సంచిలోంచి కరెంటు బిల్లు తీసింది.
అందులో ఆయన పేరు నడుమ రెండు ప్రశ్నార్థకాలు.
"వీళ్లేమో ఎవరీయనా అని నెలనెలా అడుగుతారు.
కాగితమైతే పొయ్యిలో వేస్తాను.
రాయిని ఏం చెయ్యను?"

బెర్తలాన్ గారు నన్ను తిట్టలేదు.
తిడితే బావుణ్ణు.
మూడు రోజులు నీళ్లు పోస్తూ
రాతి ముఖమంతా అరగదీశాం, పేరు పోయేదాకా.
ఆ నల్ల బురద క్రిస్మస్ దాకా నా గోళ్లలో ఉంది.
పక్క సమాధుల కన్నా ఆ రాయి ఇప్పటికీ పల్చన.
తూకం వేస్తే ఆయనే పట్టుకునేవాడు.

యంత్రంతో మళ్లీ పేరు చెక్కించి
ఆ రెండు తలలూ బోడిగా వదిలేశాం.
మొత్తం నాలుగు గీతలు.
మూడు ఆయన ఉలితో కొట్టి
నాలుగోది నాకిచ్చారు.
నాది కాస్త పొడుగు.
చెబితే తప్ప తెలీదు.

ఇప్పుడందరికీ ఒకటే పట్టిక.
లోకంలోని లిపులన్నీ కలిసి ఊరు కట్టుకున్నాయి.
మూడు వందల ముప్పై ఏడో నంబరు ఇల్లు మా దీర్ఘానిది,
అల మాత్రం పాత గదిలోనే ఉంది.
ఫోనులో వేలు నొక్కి పట్టుకుంటే చాలు
రకరకాల టోపీలతో వరుసకడతాయి.
అయినా వేలెత్తే ముందు
ఒక్క క్షణం ఆగుతాను.

పోయిన మార్చిలో ఎతెల్కా.
ఆవిడ తరంలో పెళ్లయినావిడకి మొగుడి పేరే పేరు,
చివర ఒక "నే" తగిలిస్తారు: ద్యోజోనే.
గ్యాసు పుస్తకం మీద, బ్యాంకులో, చర్చి చందా రసీదులో
ఏళ్ల తరబడి అదే సంతకం.
నాలుగు వాలు గీతలూ, చివరి "నే" మీద ఇంకొకటీ
ముందే సరిచూసి పెట్టుకున్నాను.
ఉలికి పదును కూడా పట్టాను, అక్కర్లేకపోయినా.

మేనకోడలు తెచ్చిన చీటీలో ఆవిడ దస్తూరీ:
Etelka.
అంతే.
ఏ తలకట్టూ లేని ఆరక్షరాలు,
ఏ దేశపు యంత్రంలో వేసినా
చెదరనివి.

పదకొండు నిమిషాల్లో అయిపోయింది.
దుమ్ము ఊదేశాను.
రాతి మీద చాలా చోటు మిగిలింది.