ఏడురోడ్ల కాడ బేరం

జీతం పడిన శనివారం
ఎర్రగుంట్ల బస్సు దిగి
ఏడురోడ్ల కాడ ఆ గాజు అంగట్లోకి పోతి.
"నిశ్శబ్దం ఎట్ల ఇస్తాండారు?" అని అడగాలనిపించింది.
అడగలే.
"వైర్లు లేని హెడ్‌ఫోన్లు చూపించప్పా" అంటి.

పిల్లోని పేరు జిలానీ, జేబు మీద కుట్టిండారు.
ఒక్కో పెట్టె విప్పుతా గంటలు చెప్పుకొచ్చినాడు:
ముప్పై గంటలు, నలభై గంటలు,
పది నిమిషాలు చార్జింగు పెడితే మూడు గంటలు.
నా పనిగంటలు తొమ్మిది,
కరెంటు పొయ్యే గంటలు వేరే.
నేనడిగినవి ఆ పిల్లోని కాగితంలో లేవు.

కమ్మల మీద ఒత్తుకుంటాదా?
కండ్లద్దాల కాడ సందు పడితే మోత దూరుతాదా?
మే నెలలో రేకుల షెడ్డు కింద
ఈ నల్లమెత్తలు చెమటకు ఎన్నాళ్ళు నిలుస్తాయి?
రాతిపిండి తుడిస్తే పోతాదా,
నా చీరంచుల మాదిరి
ఆ రంగుకే తిరుగుతాదా?

జిలానీ తల గోక్కున్యాడు.
"తెల్లది తీస్కోండక్కా, పిండి కనపడదు."
తెలివైనోడే.

పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తా నేను.
పదకొండేండ్లు.
నాలుగు రంపాలు, రెండు పాలిష్ మిషన్లు,
నాకూ వాటికీ నడుమ ఒక ప్లైవుడ్ తలుపు.
దూది పెట్టుకుంటి, కొంగు చుట్టుకుంటి.
బ్యాంకాయన ఫోన్ చేస్తే
"ఆఁ?" అనేదే నా సగం మాట.
ఇంట్లో ఉప్పు అడిగినా
అరుస్తాండావంటాడు మా ఆయన.

మొదట పన్నెండువేలది తలకు పెట్టినాడు.
గుండీ నొక్కినాడు.

కడప పోయింది.
ఆటోల హారన్లు, చెరుకురసం మిషను గజ్జెలు,
రాజంపేట రాజంపేట అనే కండక్టరు గొంతు,
నెత్తిమీది ఫ్యాను,
అన్నీ ఎవరో పరుపు కింద దోపినట్లు.
జిలానీ పెదాలు మాత్రం ఆడతాండాయి
సౌండు తీసేసిన టీవీలో మనిషి మాదిరి.

అప్పుడు వినబడె.
సన్నంగా. ఈల.
తడిరాయిని ముట్టకముందు
రంపం ఉత్తగాల్లో తిరిగేటప్పటి సద్దు.
దూరం నుంచి. కాదు, లోపల్నుంచే.

తీసి, "దీంట్లో ఏందో మోగతాంది" అంటి.
జిలానీ పెట్టుకున్యాడు, కండ్లు మూసుకున్యాడు.
"ఏం లేదక్కా. శుద్ధంగా ఉంది."
ఇంకో కంపెనీది తెచ్చినాడు. అదే ఈల.
మూడోది. అదే.
నాలుగోది విప్పబోతే
వద్దులేప్పా అని చెయ్యి అడ్డం పెడ్తి.

మోతంతా బయట ఉండాదనుకుంటి.
షెడ్డుకు తాళమేసినాక గూడా
ఒక రంపం నాతో బస్సెక్కి ఇంటికొస్తాండాదని
ఇన్నేండ్లూ ఫ్యాన్ల కింద, టీవీల కింద
తెలియకపాయె.

అట్లని ఆ మోతను ఊరికే తిట్టలేను.
బండలో నెర్రె ఉంటే రంపం గొంతు మారుతాది.
లెక్కల పుస్తకం మీదనుంచి తల ఎత్తి
"ఆపండ్రా" అని నేను కేకేసిన రోజులున్నాయి.
రెండుసార్లు బ్లేడు మిగిలింది.
ఒకసారి ఓబులేసు చెయ్యి మిగిలింది.
పన్నెండు వేలు పోసి
ఆ గొంతును పూడ్చేసుకుందునా?

చివరికి నాలుగున్నర వేలది.
మొత్తం మూయదు అది.
గుర్రుమనే అడుగుమోతను అదిమేస్తాది,
మనిషి కేకనూ రాయి విరిగే సద్దునూ
కొంచెం కొంచెం వదిలేస్తాది.
"అది దాని లోపమక్కా" అన్యాడు జిలానీ, దాచకుండా.
"ఆ లోపమే కట్టియ్యి" అంటి.

బిల్లు రాస్తా,
"ఏడు దినాల్లో మార్చుకోవచ్చు, ఏడాది గ్యారంటీ" అన్యాడు.
"చెవికా?"
నవ్వినాడు. నేనూ నవ్వితి.
ఈ ఊర్లో చెవుల డాక్టరు యాడుంటాడో
ఆ పిల్లోన్నే అడిగింటే బాగుండు.
బస్సెక్కినాక తోచె.

ఒళ్ళో పెట్టె విప్పలేదు.
కండక్టరు వచ్చె.
"ఎర్రగుంట్ల ఒకటి" అంటి.
పక్కన కూచున్న ముసలామె
నా మోకాలి మీద చెయ్యేసి
"మెల్లగ చెప్పు తల్లీ, వినపడతాంది" అనె.