నూటికి ఎనభై ఆరు

రాత్రి రెండు దాటింది.
పెద్దాసుపత్రి ల్యాబులో ఫ్యాను తిరుగుతా ఉంది, గాలి మాత్రం లేదు.
ఒక బొట్టు నెత్తురును గాజుపలక మీద
ఉల్లిపొరంత పలచగా లాగి ఆరబెట్టినాను.

పేరు మద్దిలేటి. యాభై ఒకటి. బేతంచెర్ల.
నాపరాయికి మెరుగు పెట్టే మనిషి.
ఎదలో పాలిష్ మిషను ఆగకుండా తిరుగుతా ఉంటే
పన్నెండు గంటలు ఓర్చుకొని వచ్చినాడు.
"గ్యాసు అనుకుంటిమి మేడం" అనింది సుంకులమ్మ.
వాము నీళ్లు తాపిన గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఊదారంగు పట్టిన పలక మీద నూనె చుక్క వేసి కన్ను ఆనించినాను.
నూరు తెల్లకణాలు లెక్కబెట్టాల. నా ఉద్యోగం అంతే.
టిక్. టిక్. టిక్.
మూడు కంకర్రాళ్లు మింగినట్టు కనపడే న్యూట్రోఫిల్లు
నూటికి ఎనభై ఆరు.
మిగిలినోళ్లు ఇంకా దారిలో ఉన్నారేమో.

వీళ్లకు ఎవురూ కబురు పెట్టలేదు.
చచ్చిపోతా ఉన్న కండ
లోపలి సరుకంతా వాకిట్లో పారబోసుకుంటే
ఆ జాడకే లేచి ఉరికినారు.
దొంగ మొగం గుర్తుపెట్టుకొని
ఏండ్ల తర్వాత పట్టిచ్చే చదువు వేరే కణాలది.
వీళ్లు బడి మొగం చూడనోళ్లు.
పుట్టుకతో వచ్చిన ఒకే ఒక్క పాఠం:
యాడన్నా కూలిందా, పరుగెత్తు.

క్రిమి లేదక్కడ. పొడిచినోడు లేడు.
నెత్తురు అందక ఆరిపోయిన కండ, అంతే.
అయినా పగవాడి మీదికి వచ్చినట్టే వస్తారు.
ఒకటో రెండో దినాల ఆయుస్సు.
ఆ కాస్తలోనే చచ్చినదాన్ని కరిగిస్తారు,
బతికున్న పక్కదానికీ నిప్పు అంటిస్తారు.

రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర ఊర్లోకొచ్చినప్పుడు
గడ్డపారలతో వచ్చి మా ఖాలా తలుపు పగలగొట్టినోళ్లు
ఎవురో ఈ పొద్దుటికీ తెలీదు.
ఖాలాను బయటికి లాగినారు.
ఆ ఊపుకు పక్కింటి గోడ కూడా పడింది,
టైలరు హబీబు మిషను దాని కింద నలిగింది.
"వాళ్లకు దువా చేస్తా, ఆ గోడకు ఏడుస్తా"
అనేది ఖాలా. రెండూ ఒకే నమాజులో.

"షంషాదక్కా, మందేసి వీళ్లను ఆపేస్తే సరిపోదా?"
డ్యూటీ డాక్టరు పిల్లోడు, నిద్ర కండ్లతో.
పెద్దసారు రౌండ్సులో చెప్పిందే చెప్పినాను:
మొత్తం ఆపితే ఊడ్చేటోళ్లు ఉండరు నాయనా,
బురద మీద కట్టిన గోడ పిగిలిపోతాది.
ఎంత ఆపాల, ఎప్పుడు ఆపాల,
అదే ఇంకా ఎవురికీ సరిగా అంతుబట్టలేదు.

ఐదో దినం పలకలో వేరే మొగాలు ఎక్కువైనాయి.
పెద్ద ఒళ్లు, చిక్కుడుగింజ మాదిరి వంగిన నడుము,
నింపాది నడక.
ముందొచ్చి చచ్చినోళ్లను కూడా వీళ్లే మింగుతారంట గుండెలో.
మింగీ మింగీ
ఏదో ఒక గడియలో మనసు మార్చుకుంటారంట,
కూల్చే చేతులతోనే నార పేనేటోళ్లను పిలుస్తారంట.
ఆ గడియ ఎట్లుంటాదో
నా మైక్రోస్కోపులో ఎప్పుడూ కనపడలేదు.

ఇంటికి పోయే దినం మద్దిలేటి అడిగినాడు:
"అయితే ఆ తావు ఇంక కొట్టుకోదంటావు?"
కొట్టుకోదు.
"పగలదు గదా?"
పగలనీకుండానే ఆ మచ్చ.
కాసేపు అరచేతిని ఎద మీద పెట్టుకొని
రాయి గరుకు తడిమినట్టు తడుముకున్నాడు.
"పగిలిన బండకు సిమెంటు అతుకు.
ఎంత రుద్దినా మెరుపెక్కదు.
నా అంగడి ముందర ఉందొకటి, ఇరవై ఏండ్లాయ,
దాని మీదనే జనం నడుస్తాండారు."

సుంకులమ్మ ఆ గ్లాసు కడిగి నాకు టీ తెచ్చింది.
వాము వాసన ఇంకా పోలేదు.
తాగినాను.
ఇంకో పలక ఆరతా ఉంది.