మానడం

నరాల ఓపీలో, బల్ల దగ్గర, ఆ మాట అన్నది నేనే.
"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
ఒక్క పూట కూడా మానొద్దమ్మా."
రోజుకి మూడొందల మందికి చెప్పే మాట,
కండక్టరు టికెట్టు చింపినట్టు చింపి ఇచ్చాను.
దేవుడమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఎల్లాజీ జెట్టీలో మరబోటు మీద వించ్ తిప్పేవాడు.
ఫిట్స్ వచ్చి, డెక్కు మీద
రొయ్యల మధ్య పడి కొట్టుకున్నాడట.
మాత్ర మొదలెట్టాక మళ్ళీ పడలేదు.
మందు మీద నేరం మోపే ముందు
ఆ సంగతి కూడా రాసుకోవాలి.

పదిహేనో రోజు జ్వరం.
కళ్ళు చింతనిప్పులు. పెదాల మీద పొక్కులు.
వీపు నిండా ఎవరో అగరొత్తితో చురకలు పెట్టినట్టు మచ్చలు.
"అమ్మోరు పోసింది" అంది అత్త.
గుమ్మానికి వేపమండలు కట్టారు.
తాలింపు మానేశారు, చేపల బేరం మానేశారు,
అన్నీ మానేశారు
మాత్ర తప్ప.
మింగలేక ఏడుస్తుంటే దేవుడమ్మ దాన్ని నూరి, తేనెలో కలిపి,
పగిలిన పెదాల సందులోంచి నాలిక మీద రాసింది.
నాలుగు రోజులు. ఎనిమిది పూటలు.
నా మాట జవదాటలేదు.

ఆటో జగదాంబ దాటేసరికి
వీపు రెగ్జిన్ సీటుకి అంటుకుంది.
మనిషిని దించాం. తోలు అక్కడే ఉండిపోయింది.

కాలినవాళ్ళ వార్డులో కాలని మనిషి.
ఆ నెల నాకు అక్కడ నైట్ డ్యూటీ.
వసుంధర మేడం వేలికొనతో మెల్లగా రాస్తే
ఉడికిన దుంప పొట్టులా జారింది చర్మం.
"కొత్తగా ఏం మందు వాడారు?"
దేవుడమ్మ ముడి విప్పి అట్ట చూపించింది,
ఒక్క గడీ కూడా తప్పకుండా ఖాళీ అయిన అట్ట,
కొంచెం గర్వంగానే.
"ఆపండి. ఇప్పుడే."
మందు మానితే గానీ పుండు మానదు.
రెండిటికీ ఒకటే మాట పెట్టుకున్నామని
ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

దుప్పటి అంటుకుంటోందని
పూర్ణా మార్కెట్ నుంచి అరిటాకులు తెప్పించాం.
ఈనె తీసి, నూనె రాసి, వాటి మీద పడుకోబెట్టాం.
ఫ్యాన్లు కట్టేశాం. మే నెల.
మేం చెమటలు కారుస్తూ, అతను వణుకుతూ.
ప్లాస్టరు వేయకూడదు, సూదిని గాజుగుడ్డతో కట్టాం.
ఎక్కించిన నీళ్ళ లెక్క, బయటికొచ్చిన నీళ్ళ లెక్క.
గంటగంటకీ కంట్లో చుక్కలు.
రెప్పలు అతుక్కోకుండా గాజుకడ్డీతో విడదీస్తుంటే
"డాల్ఫిన్ కొండ మీద లైటు తిరగట్లేదేటి, సిస్టరమ్మా?" అన్నాడు.

మెట్ల మీద దేవుడమ్మ.
"నా సేత్తోనే ఎట్టేను."
నాలుగో రాత్రి చెప్పాను, మానొద్దన్నది నేనేనని.
చాలాసేపు చూసింది.
"తెల్సుంటే సెప్పకపోదువా" అంది.

తెలుసు.
పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను,
మార్కులు కూడా వచ్చాయి.
అది మాత్రం ఆమెకి చెప్పలేదు.

పదకొండో రోజు ఆకు మీద తడి తగ్గింది.
మోచేతి మడతలో ఉల్లిపొరంత కొత్త చర్మం.
ఎల్లాజీ బతికాడు. కళ్ళలో తడే తిరిగి రాలేదు.
ఇప్పుడు జెట్టీ ఒడ్డున నల్లద్దాలు పెట్టుకుని వలలు అల్లుతాడు,
ఎక్కువగా తడుముకుంటూ.
జేబులో ఎర్ర అక్షరాల కార్డు: ఈ మందు ఇతనికి ఇవ్వరాదు.

నేను మళ్ళీ అదే బల్ల దగ్గర.
"ఒక్క పూట కూడా మానొద్దమ్మా" అంటాను.
అక్కడ ఆగను.
"జ్వరమొచ్చినా, కళ్ళెర్రబడినా, నోరు పొక్కినా, ఒంటి మీద మచ్చ తేలినా
మాత్ర ఆపి, అట్ట పట్టుకుని అప్పుడే పరిగెత్తుకు రా."
వెనక వరస విసుక్కుంటుంది. సాయంత్రానికి గొంతు పోతుంది.

నెలకోసారి కంటిచుక్కల కోసం వస్తుంది దేవుడమ్మ,
చేపల తట్ట గేటు బయట పెట్టి.
చదువు రాదు.
క్యూలో పక్కామె చేతిలోంచి అట్ట లాక్కుని
తిప్పి తిప్పి రంగు చూసి,
"ఉండు, ఎల్లిపోకు,
సిస్టరమ్మ ఇంకా ఏటో సెప్తాది" అంటుంది.