తోక ఉన్న అక్షరం

కారసోక్‌లో నవంబరు. మధ్యాహ్నం రెండింటికే
మంచు నీలం తిరుగుతుంది.
రెయిన్‌డీర్ మందల లెక్కకు ఫారం రాసింది నేనే.
పేరు గడికి ఒక్క వరుస కాపలా పెట్టాను:

^[A-Z][a-z]+$

మొదట చిన్న గొడుగు: ఇక్కడే మొదలవ్వాలి.
చివర డాలరు: ఇక్కడే ఆగాలి, వెనక తోక ఉండకూడదు.
నడుమ ఒక పెద్దక్షరం, ఆపైన చిన్నవి,
కూడిక గుర్తు దయ తలిచి
ఒకటైనా సరే, ఎన్నైనా సరే అంటుంది.
రాత్రి నలభై పేర్లతో పరీక్షించాను,
అన్నీ ఓస్లోలో నాతో చదివిన వాళ్లవి.
అన్నీ నెగ్గాయి. హాయిగా నిద్రపోయాను.

పొద్దున ఇంగా వచ్చింది. డెబ్భై రెండేళ్లు.
చేతి తొడుగు పళ్లతో లాగి, ఒంటి వేలితో
నాలుగక్షరాలు కొట్టింది:
Iŋgá
ఎర్ర గీత. చెల్లని పేరు.
తోక ఉన్న ఆ ఎన్, నెత్తిన గీతున్న ఆ ఏ
నా బ్రాకెట్ల ఇంట్లో ఎక్కడా లేవు.

తిట్టలేదు. మళ్లీ కొట్టింది. మళ్లీ ఎరుపు.
"నిన్నటిదాకా చెల్లిందే," అని
దొడ్డి వైపు నడిచింది. వెనకే నేను.

కొమ్ములు సుడి తిరుగుతున్నాయి. ఆవిరి, తడి బొచ్చు వాసన.
పరుగెత్తే చెవుల్ని ఆమె చదువుతోంది:
"ఎడమ కొస కోత, కింద రెండు గాట్లు, మా తమ్ముడిది.
ఆ మూడోది తోడేలు పంటిది, వదిలెయ్."

అప్పుడొక దూడ. రెండు చెవులూ నున్నగా.
నా వరుసైతే ఆ క్షణమే గెంటేసేది.
ఇంగా దాని మెడకు నంబరు పలక కట్టి వదిలి
కంచె పక్కన నిలబడింది,
కాఫీలో జున్ను ముక్క నానేసుకుంటూ,
కాళ్లు మార్చుకుంటూ, ముప్పావు గంట.
ఎక్కడో ఒక తల్లి తల తిప్పింది.
దూడ పోయి దాని పొట్ట కింద దూరింది.
"మారెత్‌ది," అని రాసుకుంది.

సాయంత్రం వరుస మార్చాను:
ఏ లిపిదైనా, అక్షరమైతే చాలు.
ఇంగా పచ్చబడింది.
ఆ వెంటనే ఆమె మనవడు,
పేరు నడుమ అడ్డగీతతో, ఎర్రబడ్డాడు.
మళ్లీ కూర్చున్నాను.

ఈ భాషలో అడుగు కదపకుండా
ముందుకు చూసే గుర్తుంది,
వెనక్కి చూసేదీ ఉంది.
కంచె పక్కన నిలబడే గుర్తు కోసం
ఇంకా పేజీలు తిప్పుతున్నాను.